పంది వైపు నుంచి చెప్పిన కథ

మామయ్య పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను పొయ్యి మీద పాలు పెట్టి, పెద్దదాన్ని స్నానానికి రమ్మని కేకలు వేస్తున్నాను. పలకడం లేదు. మెట్ల మీద కూర్చుని బొమ్మ లారీకి తాడు కడుతున్న చిన్నోడు తల ఎత్తకుండానే చెప్పాడు.

"అక్క లేదు. పందులకు తిండి పెట్టనీకి పోయింది."

ఆ మాటకు నాకు మొదట విసుగే వచ్చింది. ఆ విసుగుతోనే పెరట్లోకి చూశాను. మామయ్య పాదాల మీద నీళ్ళు పడుతున్నాయి, మట్టి కరిగి పోతోంది. అప్పుడు తట్టింది. మామయ్య రోజూ పొద్దుగూకే వేళకు చేను చుట్టూ కట్టిన తీగకు కరెంటు తగిలించి ఇంటికి వస్తాడు. రోజులో అదే ఆయన ఆఖరి పని. అది అయ్యాకే కాళ్ళు కడుక్కుంటాడు.

అది ఎందుకు జరిగిందంటే మా ఇంట్లో ఇప్పటికీ అందరిదీ ఒకటే మాట. నేను చెప్పిన కథల వల్ల జరిగిందట. చుట్టాలు వచ్చినా అదే చెబుతారు. నవ్వుతూ చెబుతారు, అది ఇంకా కాలుతుంది. పిల్లలు పడుకున్నాక ఈ మాటలు రాసుకుంటున్నది అందుకే. ఆ కథలేమిటో, అవి ఎందుకు చెప్పానో ఒక్కసారైనా పూర్తిగా చెప్పుకోవాలని ఉంది. పగటిపూట ఈ ఇంట్లో నా మాట సగంలోనే తెగిపోతుంది.

నేను వైరాలో పెరిగాను, ఖమ్మంలో డిగ్రీ చదివాను. మామయ్య మా అమ్మకు సొంత అన్న. బావను చేసుకుని ఈ ఊరు వచ్చాను. ఏన్కూరు దాటి లోపలికి వస్తే ఊరి చివర ఇల్లు మాది, ఇంటి వెనక చేను, చేను చివర వాగు, వాగు అవతల అడవి. బావకు ఏన్కూరులో పురుగుమందుల దుకాణం ఉంది. పొద్దున పోతే రాత్రికి వస్తాడు. వ్యవసాయం మామయ్యది. పిల్లల పని నాది.

నేను భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి పక్క మీంచి లేచి వెళతాను. పిల్లలు నిద్రలో దగ్గితే దీపం వేసి ముఖాలు చూస్తాను. ఈ గుణం వాళ్ళకు రాకూడదని నా పట్టుదల. కానీ అత్తయ్య వాళ్ళను భయంతోనే పెంచేది. అన్నం తినకపోతే పులి ఎత్తుకుపోతుంది, చీకట్లో పెరట్లోకి పోతే గుడ్డేలుగు పట్టుకుంటుంది. పెద్దదానికి ఏడేళ్ళు వచ్చినా, మసక పడితే పెరట్లో బాత్రూముకు ఒంటరిగా వెళ్ళేది కాదు. నేను తలుపు బయట నిలబడి పాటలు పాడాలి. పాట ఆగితే లోపల ఏడుపు.

ఒకరోజు దానికి ఆవూ పులీ కథ చెప్పాను. దూడకు పాలిచ్చి వస్తానని ఆవు మాట ఇవ్వడం, మాట ప్రకారం తిరిగి రావడం, పులి మనసు కరిగి వదిలేయడం, అందరికీ తెలిసిన కథే. చిన్నప్పుడు ఆ కథకు నేను ఏడ్చేదాన్ని. ఇది ఏడవలేదు. కాసేపు ఆలోచించి అడిగింది.

"మరి ఆ దినం పులి ఏం తిన్నది?"

ఇన్నేళ్ళుగా విన్న కథలో, పులి ఆకలి గురించి ఒక్కరూ అడగలేదు. మర్నాడు అదే కథను పులిగా చెప్పాను. "నేను పులిని. ముసలిదాన్నైన. కాల్ల ముల్లు దిగి కుంటుతున్న" అని మొదలుపెట్టాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. చిన్నోడు వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు. ఆ పులి ఆవును వదిలేసి, వాగులో నీళ్ళు తాగి, ఖాళీ కడుపుతో పడుకుంది. పెద్దది లేచి వెళ్ళి తన రొట్టె ముక్క కిటికీలో పెట్టి వచ్చింది.

అట్లా అది మా ఆట అయింది. కథలో చెడ్డవాళ్ళు ఎవరో వాళ్ళే "నేను" అని చెప్పుకోవాలి. కోతిని మోసం చేసిన మొసలి, "నేను మొసలిని, ఇంట్ల నా పెండ్లానికి జబ్బు జేసింది, కోతి గుండె తింటేనే బతుకుతదన్నరు" అని గోడు చెప్పుకుంది. కాకి గుడ్లు తిన్న పాము, తన పుట్టను ఎవరో పారతో తవ్వేశారని చెప్పింది. అత్తయ్యకు ఇది నచ్చలేదు.

"మంచేందో చెడేందో తెల్వకుంట పెంచుతున్నవే పిల్లల్ని. రేపు ఇంట్ల దొంగ పడితే వాని కథ గూడ కూసొని ఇంటరా?"

"దొంగకు గూడ ఆకలైతది గద నాయనమ్మా" అంది పెద్దది.

మామయ్య పొలమారేటట్టు నవ్వాడు. "దీన్ని వకీలును చేయాలె" అన్నాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది. నా కథలకు ఈ ఇంట్లో దొరికిన మెప్పు అదొక్కటే.

కథల వల్ల ఒక మేలు జరిగింది, అది ఎవరూ ఇప్పుడు తలుచుకోరు. పెద్దది మసక చీకట్లో ఒంటరిగా పెరట్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర నా పాట అవసరం లేకపోయింది. గుడ్డేలుగు ఉంటే ఏం చేస్తావని చిన్నోడు అడిగితే, "దానికి తేనె గావాలె గానీ నేనెందుకు" అంది. బావ ఆ మాటను దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ చలికాలం చేనంతా మొక్కజొన్న వేశారు. కంకి పాలు పోసుకునే సమయానికి అడవి పందులు వాగు దాటి రావడం మొదలైంది. అవి తినేది కొంచెం, తొక్కి పడేసేది ఎక్కువ. పొద్దున వెళ్ళి చూస్తే చేను మధ్యలో కాట్లు వేసినట్టు ఖాళీలు. అత్తయ్య తన పాత చీరలన్నీ ఇచ్చింది, చేను చుట్టూ అడ్డంగా కట్టారు. పందులు చీరల కింద నుంచి దూరి వచ్చాయి. మంగలి షాపుల నుంచి వెంట్రుకలు మూటలు కట్టించి తెచ్చి గట్ల మీద చల్లారు, మనిషి వాసనకు రావని. కొన్నాళ్ళు రాలేదు, తర్వాత వచ్చాయి. మంచె మీద కావలి కూర్చుందామంటే కూలికి మనుషులు దొరకలేదు. మామయ్య తనే కూర్చున్నాడు, చలికి ఛాతీ పట్టేసి దవాఖానాకు తీసుకుపోవాల్సి వచ్చింది.

ఇక రోజూ అన్నాల దగ్గర పంది ముచ్చటే. పంది దొంగముండ, పంది రాకాసి. పెద్దది అన్నీ వింది. విని, ఊహించినట్టే, పంది కథ కావాలంది.

చెప్పాను. "నేను పందిని. వాగు అవతల నాకు గడ్డలుండె, ఇప్పపూలుండె. మనుషులు చెట్లు కొట్టిండ్రు, దున్నుకున్నరు. నా పిల్లలు ఆకలి ఆకలని వెంట పడుతున్నయి. ఎవరన్నా ఇంత గట్టు మీద పెడితే నేను చేన్లకు ఎందుకు దిగుత?" చివరి వాక్యం నేను అనుకుని అన్నది కాదు. కథకు ఏదో ఒక ముగింపు కావాలి కాబట్టి నోటికి వచ్చింది. పిల్లలు మాత్రం అన్ని మాటల్లోనూ ఆ ఒక్కటే పట్టుకున్నారు.

అదే వారంలో మామయ్య చేనుకు తీగ కట్టాడు. సన్నటి ఇనుప తీగ, మోకాలెత్తున, చిన్న చిన్న కట్టెలకు చుట్టి, వాగు వైపూ రెండు పక్కలా. ఇంటి వైపు మనుషులు నడుస్తారు కాబట్టి అటు కట్టలేదు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి, కొక్కేన్ని తీగకు తగిలించేవాడు. తెల్లారకముందే తీసేసేవాడు. మా చుట్టుపక్కల ఇది కొత్త కాదు. తప్పని అందరికీ తెలుసు, దొరికితే కేసు అవుతుందనీ తెలుసు. అందుకే ఆ తీగ పేరు ఎవరూ ఎత్తరు. మరీ ముఖ్యంగా పిల్లల ముందు ఎత్తరు, వాళ్ళు బళ్ళో వాగితే ఫారెస్టు వాళ్ళ చెవిన పడుతుందని. మా ఇంట్లో దాన్ని "ఆ పని" అంటారు. ఆ పని అయిందా, ఆ పని చూసుకొని వస్తా. పశువుల్ని కాసేవాళ్ళు మసక పడకముందే మందను తోలుకుపోతారు. పెద్దవాళ్ళు ఎవరూ సాయంత్రమైతే ఆ గట్టు తొక్కరు. పిల్లలకు మాత్రం తెలియదు. పులి గురించి, గుడ్డేలుగు గురించి, చెరువులో దయ్యం గురించి అన్ని భయాలూ చెప్పే ఇల్లు, నిజంగా చంపేదాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

తీగ కట్టాక మా నల్ల కుక్క కనబడకుండా పోయింది, ఎక్కడికో పోయిందని పిల్లలకు చెప్పాం. తీగ తీసేద్దామని బావతో అన్నాను. "ఈ ఒక్క పంట, కోత అయినంక తీసేస్తం" అన్నాడు. పిల్లలకు చెబుదామంటే నోటి మీద వేలు పెట్టాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ సాయంత్రానికి వస్తాను.

"మామయ్యా, పిల్ల చేనుకు పోయింది" అన్నాను. కుళాయి అట్లాగే కారుతోంది. ఆయన ఎటు అన్నట్టు చూశాడు. చిన్నోడు వాగు దిక్కు చెయ్యి చూపించాడు. తరువాత తెలిసింది, కూరగాయల తొక్కలు, రెండు కంకులు, మధ్యాహ్నం మిగిలిన అన్నం ఒక తట్టలో వేసుకుని, ఊరి పక్క డొంక దారిన వెళ్ళి వాగు గట్టు ఎక్కింది. పందులు వచ్చే దారి అదే కదా. కథలో గట్టు మీద పెట్టమనే కదా ఉంది.

నేను ఫోన్ అందుకుని, సబ్‌స్టేషన్‌కు చేసి లైను ఆపించమని మామయ్యకు చాపాను. ఆయన ఫోన్ తీసుకోలేదు.

"ఫోన్ చేసి ఏమని చెప్పాలె? నేనే పోయి తీస్త" అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయనకు ఎంతసేపు పట్టి ఉంటుంది. ఒక గుటక వేసేంత. ఆ గుటకను నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఆయన తడి కాళ్ళతో బోరు వైపు పరిగెత్తాడు. నేను అడ్డంగా చేనులో పడి పరిగెత్తాను. మొక్కజొన్న ఆకులు ముఖం కోస్తున్నా తెలియలేదు. పిలవాలని ఉంది, పిలిస్తే ఎటు వస్తుందో తెలియదు.

చేను అంచుకు వచ్చేసరికి కనబడింది. తీగకు అవతల, గట్టు మీద, ఇంకా బడి బట్టల్లోనే ఉంది. తొక్కలను చిన్న చిన్న కుప్పలుగా పెడుతోంది, పెద్ద పందులకు ఒకటి, పిల్లలకు ఒకటి అన్నట్టు. తీగ నాకు కనబడటం లేదు. కట్టెలు మాత్రం కనబడుతున్నాయి. రెండు కట్టెల మధ్య అటువైపు అది, ఇటువైపు నేను. నన్ను చూసి దాని ముఖం వెలిగింది. తట్ట పట్టుకుని లేచింది.

"అమ్మా, ఇంకా రాలేదు అవి" అంటూ నా వైపు అడుగు వేసింది.

అరిస్తే పరిగెత్తుకొస్తుంది. తీగ ఉందంటే, తీగంటే ఏమిటో దానికి తెలియదు, చూద్దామని వంగుతుంది. నాకు ఇంకేమీ తోచలేదు.

"కూసో" అన్నాను మెల్లగా. "లేవకు. అవి చెట్ల చాటుకు ఒచ్చినయి. నువ్వు కదిలితే పిల్లలు బెదురుతయి."

వెంటనే కూర్చుంది. భయంతో కాదు, మర్యాదతో. తట్టను ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ అడవి వైపు చూసింది. కాసేపటికి గుసగుసగా, "నువ్వు గూడ కూసో. నిన్ను జూసి గూడ బెదురుతయి" అంది. కూర్చున్నాను. మా మధ్య ఆ తీగ. నా చేయి చాపితే దాని చేయి అందేంత దూరం, చాపకూడదు. పందులు ఎన్ని వచ్చాయని అడిగింది. కనబడటం లేదన్నాను. పిల్లలున్నాయా అంది. ఉన్నాయన్నాను. నాకు తెలిసిన దేవుళ్ళలో ఒక్కరూ ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. మామయ్య అరిగిన మోకాళ్ళు గుర్తుకొచ్చాయి, బోరు దగ్గరికి ఎంతసేపట్లో చేరతాడోనని.

చివరికి "తీసిన, తీసిన" అని కేక వినబడింది. నేను నమ్మలేదు. పిల్లను కదలనివ్వలేదు. మామయ్య చేను పక్క నుంచి రొప్పుతూ వచ్చి, కొక్కేన్ని చేతిలో ఎత్తి చూపించేదాకా దాన్ని కూర్చోబెట్టే ఉంచాను.

ఇంటికి వచ్చాక అత్తయ్య పిల్లను పట్టుకుని ఏడ్చింది, ఉప్పుతో దిష్టి తీసింది. ఆ ఉప్పు నీళ్ళలో వేస్తూనే నా వైపు తిరిగింది. ముందే చెప్పానంది. పందిని చుట్టాన్ని చేసి చెబితే పిల్ల దానికి వడ్డించడానికి పోక ఏం చేస్తుందంది. బావకు ఎవరు ఫోన్ చేశారో, దుకాణం మూసి వచ్చేశాడు. పిల్లను ఎత్తుకుని ముద్దులు పెట్టి, నాతో అన్న మొదటి మాట, "ఇగ ఆ కథలు బంద్ జెయ్."

"కథల్ల కరెంటు లేదు బావా" అన్నాను.

"గిప్పుడు తెలివి మాటలొద్దు. నువ్వు గట్ల చెప్పకుంటె అది పోయేదా?"

"తీగ ఉందని చెప్తె పోయేదా?"

నేను మామయ్య దగ్గరికి వెళ్ళి, తీగ పీకేయమని అడిగాను. గొంతు పెంచలేదు. ఆయన తల వంచుకునే ఉన్నాడు. కోతకు ఇంకా కొన్ని రోజులే ఉన్నాయని, ఇప్పుడు పీకితే ఒక్క రాత్రిలో చేను ఖాళీ అవుతుందని, అప్పటిదాకా పిల్లను నేను కనిపెట్టుకుని ఉండాలని అన్నాడు. కనిపెట్టుకుని ఉండటం ఎప్పుడూ నా పనే. తీగ కట్టడం వాళ్ళ పని.

పెద్దది బావ భుజం మీంచి తల ఎత్తి అడిగింది. "తీగంటె ఏంది?"

"ఏం లేదు బిడ్డా, బర్రెలు రాకుంట కట్టిన తాడు" అంది అత్తయ్య. బావ అవునన్నట్టు పిల్ల వీపు నిమిరాడు. అప్పుడే, దాని ఒంటి మీద గట్టు మట్టి ఇంకా ఆరలేదు, అప్పుడే మళ్ళీ అబద్ధం. నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

అన్నం తిన్నాక పిల్లలు పక్కలో చేరారు. బంద్ చేయమన్నారని తెలిసినా, పెద్దది కథ అడిగింది. తాత పందులను చంపుతాడా అని అడిగింది. చంపుతాడన్నాను. అయితే తాత చెడ్డవాడా అంది. కాదన్నాను. "మరి తాత లెక్క చెప్పు" అంది. ఆట ప్రకారం న్యాయమైన కోరికే.

"నేను తాతను" అని మొదలుపెట్టాను. ఆయన వైపు నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని వైరా రిజర్వాయరు కట్ట మీద తిప్పిన మనిషి. ఆ రాళ్ళ భూమిని చేను చేసింది ఆయన. మంచె మీద చలికి ఛాతీ పట్టించుకుంది ఆయన. పంట పోతే అడిగేవాడు లేడు. పంది చస్తే మాత్రం అడిగేవాళ్ళు చాలామంది. ఇవన్నీ నిజాలు, ఒక్కటీ కల్పించనక్కర లేదు. పులి కంటే, మొసలి కంటే సులువుగా చెప్పగలగాలి. కానీ కథ ఎటు నుంచి నడిపినా పెరట్లో కుళాయి దగ్గరికే వస్తోంది. నేను ఫోన్ చాపడం, ఆయన తీసుకోకపోవడం. అక్కడ "నేను" అని ఆయన గొంతుతో అనలేకపోయాను. పులి ఎవరి పిల్లనో తింటే దాని వైపు మాట్లాడవచ్చు. అడవి దూరంగా ఉంటుంది. ఈయనకు రేపు పొద్దున టీ ఇవ్వాలి.

నిద్ర వస్తోందని చెప్పి కథ ఆపేశాను. పెద్దది నమ్మలేదనుకుంటాను. అటు తిరిగి పడుకుంది.

పొద్దున మామయ్య అరుగు మీద టీ తాగుతున్నాడు. అత్తయ్య పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది. బావ బండి తుడుస్తున్నాడు. బడి వ్యాను ఇంకా రాలేదు. పిల్లలిద్దరినీ వాళ్ళందరి ముందే అరుగు కింద నిలబెట్టాను.

"మన చేను చుట్టు సన్న తీగ ఉంది" అని చెప్పాను. "అది తాడు కాదు. పొద్దుగూకినంక దాంట్ల కరెంటు ఉంటది. పంది తగిలితే పంది సస్తది. మీరు తగిలితే మీరు సస్తరు. మన నల్ల కుక్క యాడికో పోయిందని చెప్పినం గద, అది యాడికీ పోలే, ఆ తీగకే తగిలి సచ్చింది. సాయంత్రమైతే ఆ దిక్కు పోవద్దు. ఆ తీగ తాతనే కట్టిండు. పంట కోసం కట్టిండు, మనకోసమే కట్టిండు, అయినా అది తప్పు పని."

"ఏమే" అంది అత్తయ్య. మామయ్య చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది. నేను ఆగలేదు.

"ఇది దాచే ముచ్చట కాదు. బళ్ళె సారు అడిగినా, ఖాకీ బట్టలోళ్ళొచ్చి అడిగినా, ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. మా అమ్మనే చెప్పమన్నదని గూడ చెప్పుండ్రి."